ఎర్ర ఫేటియా

సువర్ణ ఇంటికి బట్టలుతికే మిషన్ వచ్చిన నాడు సారపాకల ఆ సందు పొడుగూతా నురగ పారింది. నమ్మనోళ్ళు నమ్మకపోండ్రి గానీ, బాత్రూం గడప దాటి, వాకిలి దాటి, రోడ్డు మీద పండుకున్న కుక్క మూతి దాకా పోయింది. ఆమె మొగుడు కోటేష్‌కు మిల్లుల నౌకరి పర్మినెంటు అయింది. ఆ సంతోషంల రెండు తొట్ల మిషన్ కొనుక్కొచ్చిండు, ఒక దాంట్ల ఉతుకుడు, ఇంకో దాంట్ల పిండుడు. సబ్బుపొడి కొలిచి పోసే అలవాటు సువర్ణకు ఏడుంది? గుప్పెడు పోసింది. నురగ చాలలేదనిపించి ఇంకో గుప్పెడు పోసింది. మురికి పోవాలంటే నురగ రావాలె, నురగ రావాలంటే పొడి పడాలె, గంతే ఆమె లెక్క.

ఎదురింటి నిర్మలాదేవి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని నురగల నడుచుకుంట వచ్చి స్విచ్చి ఆపింది. వాళ్ళది కృష్ణా జిల్లా దిక్కు. ఆమె భర్త జయప్రకాశ్‌కు భద్రాచలంల పురుగుమందుల షాపుంది. మందులమ్మే ఇంటి మనిషి గాబట్టి, ఏ డబ్బా చేతికొచ్చినా వెనక్కి తిప్పి చదవందే ఆమె మూత తియ్యదు. కడుపుబ్బ నవ్వుకున్నంక సువర్ణను కూసోబెట్టి అన్నీ చెప్పింది. పొడి మూతతోటి కొలిచి పోయాలంట. ఎక్కువైతే బట్టకే పట్టుకొని ఒంటికి దురద పెడతదంట. తెల్లవి వేరే, రంగువి వేరే. బ్లీచింగు తెల్లబట్టకే తప్ప రంగు బట్టకు తగలనియ్యొద్దు. చివరికి ఒక్క మాట మాత్రం చెయ్యి పట్టుకొని చెప్పింది.

"ఒక మందులో ఇంకో మందు కలపకు అమ్మాయ్. ఏదైనా ఒంటరిగా ఉన్నప్పుడే మన మాట వింటుంది."

సువర్ణ తలకాయ ఊపింది. కానీ ఈ చెవిన పడ్డది ఆ చెవి నుంచి పోయింది. ఎందుకు పోయిందో తెల్వాలంటే ఆమె పెరిగిన హాస్టలు దాకా పోవాలె.

ఏన్కూరు దిక్కు తండాల పుట్టిన పిల్ల ఆమె. అక్షరాలు దిద్దిన కాడి నుంచి హాస్టల్లనే పెరిగింది. ఆడ శుభ్రమంటే బ్లీచింగే. ఆఫీసరొస్తుండంటే బ్లీచింగు, పిల్లలకు కడుపులు చెడితే బ్లీచింగు, తెల్ల యూనిఫారం పచ్చబడితే బ్లీచింగు. బాత్రూంల తుప్పు మరకలకు యాసిడ్. ఆ వాసనలు ముక్కుకు తగిలితేనే ఆమె పానం నిమ్మళపడేది. ఒకనాడు వాళ్ళమ్మ ఫేటియా, కాంచళి తొడుక్కొని హాస్టలు గేటు కాడికొచ్చింది. ఫేటియా అంటే లంబాడీ ఆడోళ్ళు కట్టుకునే కుచ్చుల లంగా, కాంచళి అంటే అద్దాలు కుట్టిన రవిక. అంత దూరం ఎండల నడిచి, కూతురి కోసం రొట్టెలు మూట కట్టుకొని వచ్చింది ఆ తల్లి. తోటి పిల్లలు ముక్కులు మూసుకున్నరు. మీ అమ్మ కాడ వాసనొస్తుందని ఒకతి అననే అన్నది. సువర్ణ తల్లిని గేటు లోపలికి కూడా పిలవకుండ జల్దీ పంపించేసింది. అప్పటిసంది ఒంటికి సబ్బు, బట్టకు బ్లీచింగు, ఎంత రుద్దినా ఆమెకు తనివి తీరలేదు.

పెండ్లినాడు కూడా ఫేటియా కట్టనంటే కట్టనన్నది. చీరె కట్టింది. మామ హీరాలాల్‌కు ఒక అక్క ఉంది, పేరు భూలి. వాళ్ళ తండాల ఆమె నోటికి జడవని మనిషి లేడు. "ఏందే కోడలా, మన బట్టంటే నీకు వాసనొస్తదా?" అని పందిట్ల అందరి ముందట అన్నది. ఆమె ఏదో ఎకసెక్కానికి అన్నది గానీ, సువర్ణకు అది సూటిగ పోయి తగిలింది. నిజం కాకపోతే అంత మండకపోవును.

అత్త హేమ్లి మాత్రం పల్లెత్తు మాట అనలే. చీరెల పిల్ల చక్కగుంది, దాని ఇష్టం దానిదని కోడల్ని ఎనకేసుకొచ్చింది. తల్లి పోయినంక సువర్ణకు యాడీ అని పిలుసుకునే మనిషి ఆమె ఒక్కతే. యాడి అంటే వాళ్ళల్ల అమ్మ. ఎంతమంది కోడండ్లు అత్తను నిండునోటితోటి అమ్మా అంటరో ఎవరి కడుపు వాళ్ళకు ఎరుక, సువర్ణ మాత్రం నిజంగనే అన్నది.

ఆ హేమ్లికి కడుపుల గడ్డ లేచింది. తండా నుంచి సారపాకకు తీసుకొచ్చి, ఏరు దాటించి భద్రాచలం దవాఖానాల చూపించిండ్రు. డాక్టరు కోటేష్‌ను బయటికి పిలిచి, ఇంటికి తీసుకపోండి, ఏమడిగితే అది పెట్టండి అన్నడు. ఆ మాటకు అర్థం ఏందో చెప్పే పని లేదు. అప్పటికే ఆమె రెండు కళ్ళకు పొరలొచ్చి, వెలుగు చీకటి తప్ప ఇంకేం ఆనకపోయేది. పొరలు తీపిద్దామంటే ఒంట్ల సత్తువ లేదన్నరు.

కానీ హేమ్లి అడిగింది తిండి కాదు. కొడుకును, కోడల్ని పక్కన కూసోబెట్టుకొని తన ఇనుప పెట్టె తెప్పించమన్నది. ఆ పెట్టెల ఆమె పెండ్లి ఫేటియా, కాంచళి ఉన్నయి. పెండ్లికి ముందు తల్లితోటి కూసోని ఎండకాలాలు, వానకాలాలు పట్టి కుట్టుకున్నది. పక్కా ఎరుపు, ఎండకు మాయలే, వానకు మాయలే. అంచు నిండా అద్దాలు, గవ్వలు, నడుముకు పాత బిళ్ళలు. హీరాలాల్ పోయిన నాడు చేతులకున్న ఎముక గాజులు తీసి, ఆ బట్టలను పెట్టెల పెట్టి మూత వేసింది. మొగుడు పోయినంక ఆ బట్ట మళ్ళ ఒంటికి తగలొద్దని వాళ్ళ పెద్దల కట్టడి.

"నేను పోయేటప్పుడు నాకు అది కట్టుండ్రి," అన్నది హేమ్లి. "మీ బాపు నన్ను మొదలు చూసింది అండ్లనే. నాకా కళ్ళు లేవు, ఆడికి పోయినంక నేను ఆయన్ని గుర్తుపట్టలేను. ఆయనన్నా నన్ను గుర్తుపట్టాలె గద."

కోటేష్ మొకం పక్కకు తిప్పుకున్నడు. తండా పెద్దలు ఏమంటరో అని ఆయనకు భయం. అన్నిటికీ అడ్డం తిరిగే భూలి దీనికి మాత్రం అడ్డం తిరగలే. నా తమ్ముని దగ్గరికే గదా పోయేది, కట్టుకుంటే తప్పేంది, ఎవడన్న నోరెత్తితే నేను చూసుకుంట అన్నదంట. ఆమె ఆ మాట అన్నంక తండాల మళ్ళ ఎవరూ మాట్లాడలే.

పెట్టె కొత్తగూడెం మీదుగ బస్సుల వచ్చింది. మూత తియ్యంగనే ముక్కిన వాసన గుప్పుమన్నది. ఎరుపు ఇంకా నిగనిగలాడుతనే ఉంది గానీ, అంచుకు పాత నూనె మరకలు, నడుము పట్టీ మీద పెట్టె తుప్పు అరచెయ్యంత మరక. హేమ్లి ఆ బట్టను మొకానికి పెట్టుకొని శానాసేపు అట్లనే కూసున్నది. అద్దాలను వేళ్ళతోటి తడిమి తడిమి చూసుకున్నది. సబ్బు తగలనియ్యకు బిడ్డా అని మరీ మరీ చెప్పింది. దీన్ని ఎప్పుడూ నీళ్ళల్ల ముంచలేదంట. దులిపి ఎండకేస్తరు, వేపాకు పొగ పెడతరు, గంతేనంట. సువర్ణ అట్లనే యాడీ అన్నది.

అన్నది గానీ, ఆ తెల్లారి తండా నుంచి కబురొచ్చింది. వారపు అంగడి రోజు దాటినంక భూలి, ఇంకో నలుగురు ఆడోళ్ళు హేమ్లిని చూడవస్తరంట. ఇగ సువర్ణ మనసు మనసుల లేదు. ఆ మరకలు, ఆ వాసన. చదువుకున్న కోడలుండి, మిషన్ ఉండి, అత్తను మాసిన గుడ్డల పంపిందని తండా అంతా చెప్పుకోదా? భూలి నోరు ఊకుంటదా? అన్నిటికన్నా లోపల ఇంకోటి ఉంది. తల్లి గేటు కాడ నిలబడ్డప్పుడు తను చెయ్యని మర్యాద ఇప్పుడు ఈ తల్లికన్నా చెయ్యాలె. ఎవరూ ముక్కు మూసుకోనట్టు, తళతళలాడేటట్టు చేసి యాడి చేతుల పెట్టాలె. పాపం, ఆమె చేసిందంతా ప్రేమతోటే చేసింది. ప్రేమకు కళ్ళుండవంటరు గానీ, దానికి కొలత కూడా ఉండదు.

కోటేష్ షిఫ్టుకు పోయినంక బాత్రూంల మిషన్ నిండా నీళ్ళు పట్టింది. రంగు బట్టకు బ్లీచింగు వద్దన్న నిర్మలాదేవి మాట మతికి రాకపోలే. కొంచమే పోస్త అనుకున్నది. హాస్టల్ల నేర్చిన చెయ్యికి కొంచెమంటే ఏం తెలుసు? సబ్బుపొడి గుప్పెట్లతోటి పడ్డది, బ్లీచింగు నీళ్ళ సీసా సగం పడ్డది. బట్టలేసి తిప్పింది. అద్దాలు, బిళ్ళలు తొట్టికి కొట్టుకొని గలగలమన్నయి.

లోపలి అర్రల మంచం మీద నుంచి హేమ్లి అడిగింది, ఏం చప్పుడు బిడ్డా అని. గిన్నెలు తోముతున్న యాడీ అన్నది సువర్ణ. హేమ్లి మళ్ళ అడగలే.

కొంతసేపటికి వచ్చి చూస్తే తొట్టి నిండా నురగ. బట్ట రంగెట్లుందో ఆ నురగల ఏమానుతది? నడుము పట్టీ ఒక్కటి చేతికి దొరికితే పైకి తీసి చూసింది, తుప్పు మరక అట్లనే ఉంది. తుప్పుకు హాస్టల్ల ఏం వాడేటోళ్ళు? యాసిడ్. బాత్రూం మూలకున్న యాసిడ్ సీసా తీసి ఆ నీళ్ళల్లనే వంపింది.

అప్పుడు లేచింది తొట్టిల నుంచి. ఆవిరా, పొగా, ఏందో పచ్చగ. గొంతు ఎవరో పట్టి పిసికినట్టయింది. కళ్ళు మండి ధారలు కారినయి. స్విచ్చి కోసం చెయ్యి చాపింది గానీ అందలే, దగ్గుకుంట దగ్గుకుంట బయటికి ఉరికింది. అప్పుడు లోపలి అర్రల హేమ్లి దగ్గు వినపడ్డది. ఆడ కిటికీ కూడా మూసే ఉంది. లేచి తలుపు దాకా రాలేని మనిషి.

ఆ వాసన సందు దాటి పోయింది. నిర్మలాదేవి పొయ్యి మీద కూర ఒదిలిపెట్టి ఉరికొచ్చింది. బాత్రూం దిక్కు పోనియ్యకుండ సువర్ణను ఆపి, బయటున్న మెయిన్ స్విచ్చి కిందికి గుంజింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఇద్దరూ హేమ్లిని మంచంతోటి సహా వేపచెట్టు కిందికి మోసుకొచ్చిండ్రు. కిటికీలు, తలుపులు అన్నీ బార్లా తెరిచిండ్రు. సువర్ణ కళ్ళల్ల చెంబులకు చెంబులు నీళ్ళు కొట్టింది నిర్మలాదేవి. తర్వాత ఆటో పిలిచి దవాఖానాకు తీసుకపోయింది. ఆడ హేమ్లి మూతికి ఆక్సిజన్ పెట్టిండ్రు. డాక్టరు సువర్ణ మీద గట్టిగనే కోపం చేసిండు. ఆ రెండూ కలిస్తే లేచేది విషపు గాలి, తలుపు మూసుకొని లోపలుంటే ఇద్దరి పానాలూ పోయేటియి అన్నడు.

దగ్గు ఆ సాయంత్రానికి తగ్గింది. గాలి వల్ల ముసలామెకు కొత్తగ అయిన నష్టమేం లేదు, ఉన్న జబ్బు ఉన్నట్టే ఉన్నదని డాక్టరు చెప్పిండు. సువర్ణ ఆ మాట నమ్మాలని చూసింది. సగమే నమ్మగలిగింది.

వాళ్ళు ఇంటికొచ్చేసరికి, దవాఖానా నుంచి ముందే తిరిగొచ్చిన నిర్మలాదేవి నీళ్ళన్నీ వదిలి, మళ్ళ మళ్ళ మంచినీళ్ళతోటి కడిగి, ఫేటియాను తీగ మీద ఆరేసింది. వాకిట్లనే సువర్ణ కాళ్ళు ఆగిపోయినయి. ఎరుపు లేదు. తెల్లగ కూడా లేదు. ఆడోటి ఈడోటి గులాబీ మచ్చలు, మిగిలిందంత పాలిపోయి గంజిగుడ్డ లెక్క వేలాడుతుంది. రంగు రంగుల దారాలు పోగులు పోగులుగ తెగినయి. అద్దాలు సగానికి సగం రాలినయి. నిర్మలాదేవి మెట్టు మీద కూసోని, తొట్టి అడుగున దొరికిన అద్దాల పెంకులు, గవ్వలు ఒక పళ్ళెంల ఏరి పెడుతుంది. నేను ముందే చెప్పిన గద అని ఆమె అనలే. ఆ ఒక్క మాట అననందుకు సువర్ణ జన్మల మరిచిపోదు. తుప్పు మరక అయితే పోయింది.

కోటేష్ షిఫ్టు దిగొచ్చి తీగ దిక్కు చూసి గోడకానుకొని కూసున్నడు. యాడికి చెప్పేద్దాం అన్నడు. సువర్ణ ఆయన కాళ్ళు పట్టుకున్నది. ఆమెకు కనపడదు, ఎట్లాగూ కనపడదు, ఎర్రగనే ఉందనుకొని పోనీ, ఆ ఒక్క సంతోషమన్న మిగలనీ అని బతిమాలింది. తెల్లారి ఆయన భద్రాచలం పోయి ఎర్ర రంగు పొట్లం తెచ్చిండు. దాన్ని చూడంగనే సువర్ణ చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకో పొడి గానీ, ఇంకో మందు గానీ ఆ బట్ట మీద పడనియ్యనన్నది. పొట్లం విప్పకుండనే మోరీ పక్కకు పోయింది.

రాలిన అద్దాలను మళ్ళ కుట్టాలె, లేకపోతే యాడి వేళ్ళకు తెలిసిపోతది. కానీ సువర్ణకు కుట్టు రాదు. తండాల ఆడపిల్లలు సూది పట్టే వయసుల ఆమె హాస్టల్ల నేల కడిగింది. అందుకని అబద్ధం ఒకటి అల్లుకొని అత్త మంచం కాడ కూసున్నది. ఎలుకలు కొరికినయి యాడీ, కొన్ని అద్దాలు ఊడినయి, ఎట్ల కుట్టాలో చెప్పవా అన్నది. హేమ్లి బట్టను ఒళ్ళోకి తీసుకున్నది. మెల్లగ తడిమింది. అంచు పొడుగూతా వేళ్ళు పోయినయి, ఒక కాడ ఆగినయి, మళ్ళ నడిచినయి. తర్వాత ముక్కు కాడ పెట్టుకున్నది.

"వేపాకు పొగ పెట్టినవా బిడ్డా?"

"అవ్ యాడీ."

"ఎరుపు ఎట్లుంది? అట్లనే ఉందా?"

"ఎర్రగుంది యాడీ. మస్తు ఎర్రగుంది."

హేమ్లి అంచును ఇంకోసారి నిమిరింది. అవ్, ఎర్రగనే ఉంటది మరి, అని బట్టను కోడలి ఒళ్ళోకి జరిపింది.

అప్పటి నుంచి పొద్దుగాల పనులు కాంగనే ఇద్దరికీ అదే పని. హేమ్లి పండుకొనే చెప్పేది. అద్దాన్ని ముందుగాల నాలుగు దిక్కులా దారంతోటి బిగించాలె, తర్వాత చుట్టూ గొలుసు అల్లాలె, గవ్వను బోర్లా పట్టుకోవాలె. సూది గుచ్చుకొని సువర్ణ వేళ్ళు పుండ్లయినయి. బట్ట పానం పోయి ఉంది గద, గట్టిగ గుంజితే చినిగేది. లోపల కొత్త గుడ్డ ముక్క అడ్డం పెట్టి కుట్టేది. నీ కుట్టు బిర్రుగ పడుతుంది, నిమ్మళంగ కుట్టు, నేను ఏడికీ ఉరుకుతలేను అని నవ్వేది హేమ్లి. నవ్వితే కడుపుల నొప్పి లేచేది, పళ్ళు బిగపట్టుకునేది. నొప్పి తగ్గినంక మళ్ళ అద్దాల కతలు మొదలయ్యేటియి. ఈ మూలకున్నది తన తల్లి కుట్టింది. ఈ వంకర అద్దం, పెండ్లిచూపులకు హీరాలాల్ వచ్చిండని తెలిసి చెయ్యి వణికిన పూట కుట్టింది. ఈ బిళ్ళ భూలి పెట్టింది, ఎవరికీ చెప్పకని పెట్టింది. ఆమె నోరే గయ్యాళిది బిడ్డా, మనసు కాదు అని చెప్పింది.

సువర్ణకు ఒక దిక్కు ఏడుపు, ఇంకో దిక్కు ఎన్నడు ఎరగని సంతోషం. తల్లి కాడ నేర్వాల్సింది, తల్లిని గేటు కాడి నుంచే తిప్పి పంపినందుకు నేర్వలేకపోయింది. ఆ పని ఇప్పుడు, చేతుల పాలిపోయిన బట్ట పెట్టుకొని నేర్చుకుంటుంది. ఎన్నోసార్లు నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెప్తే యాడి మొకంల ఆ వెలుగు ఆరిపోతదని మింగేసుకున్నది.

భూలి వాళ్ళు అంగడి దాటినంక వచ్చిండ్రు. సువర్ణ ఫేటియాను పెట్టెల పెట్టి తాళమేసి, చెవి కోటేష్ జేబుల ఉందన్నది. భూలి ఆమె దిక్కు అదో తీరుగ చూసింది. హేమ్లి అందరినీ బయట కూసోమని, ఆడబిడ్డను ఒక్కదాన్ని పక్కన కూసోబెట్టుకున్నది. సువర్ణ చాయ్ పెట్టుకొచ్చేసరికి ఇద్దరూ తలకాయలు దగ్గర పెట్టుకొని గుసగుసలాడుతున్నరు. ఆఖరి మాటలనుకొని గడప కాన్నే ఆగింది. పోయేటప్పుడు భూలి సువర్ణ నెత్తి మీద చెయ్యి పెట్టింది. తిడితే అలవాటే, ఇదేం మర్యాద అని సువర్ణకు ఇంకా భయమైంది.

హేమ్లి ఎక్కువ రోజులు ఆగలే. ఒక పొద్దుగాల సువర్ణ గంజి తాపుతుంటే, చాలు బిడ్డా అన్నది. గ్లాసు కింద పెట్టి తిరిగి చూసేసరికి పోయింది. పొట్టి ఆటో ట్రాలీల తండాకు తీసుకపోయిండ్రు. దారి పొడుగూతా సువర్ణ ఒక చేత్తోటి అత్త చెయ్యి, ఇంకో చేత్తోటి బట్టల మూట పట్టుకొని కూసున్నది. ఏడ్వనీకి కూడా పురసతు లేకుండ ఆ మూట ఆమెను తినేస్తుంది. ఇంకొంచెంసేపట్ల అందరి ముందట విప్పాలె. యాడికి కళ్ళు లేవు సరే, తండాకు ఉన్నయి గద.

వాకిట్ల ఆడోళ్ళు హేమ్లికి నీళ్ళు పోసిండ్రు. బట్టలు తెమ్మని భూలి చెయ్యి చాపింది. సువర్ణ ఇయ్యలే. మూటను గుండెకు అదుముకొని నిలబడ్డది. భూలి వచ్చి ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించి, మూట తీసుకొని, అందరి నడుమ ఎండల పరిచింది.

పాలిపోయిన బట్ట మీద కొత్త దారాలు, పాత అద్దాలు మెరిసినయి. సువర్ణ తల దించుకొని ఆ నోటి కోసం ఎదురుచూసింది. ఏమన్నా పడాలె, ఎంతన్నా పడాలె అనుకున్నది.

భూలి వంగి బట్టను నిమిరింది. గొంతు సాగదీసి, వాళ్ళ తీరున పాట లెక్క ఏడుపు ఎత్తుకున్నది.

"ఎంత ఎర్రగున్నదే మరదలా నీ ఫేటియా. నా తమ్ముడు దూరం నుంచే గుర్తుపడతడే."

సువర్ణకు ముందుగాల అర్థం కాలే. ఎత్తిపొడుస్తుందనుకున్నది. తల ఎత్తి చూస్తే భూలి కళ్ళల్ల నీళ్ళు కారుతున్నయి. ఇంకో ముసలామె వచ్చి పీనుగును కావలించుకొని, మోదుగుపువ్వు అసుంటి ఎరుపే అక్కా అని ఏడ్చింది. ఆ వెనకామె కూడా అట్లనే అన్నది. పక్క తండాల నుంచి వచ్చినోళ్ళు, ఆమె ఎన్నడు చూడనోళ్ళు కూడా, ఒక్కొక్కరు ఆ బట్టను ముట్టుకొని, ఎరుపు అనే ఏడ్చిండ్రు. ఎర్రగ ఏడుంది నాయనమ్మా అని ఒక చిన్నపిల్ల అడగబోతే, నాయనమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరి మొకంలా నవ్వు లేదు.

భూలి వచ్చి సువర్ణ పక్కన నేల మీద కూసున్నది. ఆమె చెప్పింది ఇదీ. మిషన్ల గలగల విన్ననాడే హేమ్లికి తెలుసంట, తన నడుము బిళ్ళల చప్పుడు తనకు ఎరుక కాదా. గొంతు మండినప్పుడే బట్ట గతి అర్థమైందంట. చేతికొచ్చినంక వాసన చూస్తే వేపాకు కాదు, దవాఖానా వాసన.

"నీకు తెల్వనియ్యొద్దని నా చేత ఒట్టేయించుకున్నది," అన్నది భూలి. "'పిల్ల నాకోసం వేళ్ళన్నీ పొడుసుకుంటుంది వదినా. దాని కళ్ళకు బట్ట తెల్లగైంది గానీ, నాకైతే ఎర్రగనే ఉంది. మీరెవ్వరూ దాన్ని తెల్లగుందనొద్దు. అంటే బతికినన్నాళ్ళు అదే దాని కళ్ళల్ల ఉంటది' అన్నది. నేను తండా తండా తిరిగి అందరికీ చెప్పి వచ్చిన. ఒట్టేసిన గానీ, నీ మొకం చూసినంక దాచబుద్ధి కాలే."

సువర్ణ నేల మీద పడి ఏడ్చింది. ఇన్నొద్దుల సంది మింగింది, గేటు కాడ మింగింది, అంతా ఒక్కసారి వచ్చింది. ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంట ఒకే మంచం కాడ కూసున్నరు, ఒకరిని ఒకరు కాపాడుకునేటందుకు. ఒక్క మాట అడిగి ఉంటే, ఒక్క మాట చెప్పి ఉంటే, యాడి చెయ్యి పట్టుకొని తప్పయిందని అనేది. ఇప్పుడా చెయ్యి సల్లబడ్డది.

హేమ్లికి ఫేటియా కట్టిండ్రు, కాంచళి తొడిగిండ్రు. ఇగ కోడలు ఏడ్వాలె అన్నరు. కావలించుకొని, పాట కట్టి, పోయినామె గుణాలు చెప్పి ఏడ్వాలె, అది వాళ్ళ పద్ధతి. సువర్ణకు ఆ పాట రాదు. ఆడోళ్ళంత గుండ్రంగ కూసోని ఎదురుచూస్తున్నరు, ఎవరూ తొందరపెట్టలే. ఆమె అత్త మొకం మీదికి వంగింది. పుండ్లయిన వేళ్ళతోటి ఆ వంకర అద్దాన్ని సర్దింది. ఎంత వెతికినా ఆమెకు ఒక్క మాటే దొరికింది.

"ఎర్రగుంది యాడీ," అన్నది. "మస్తు ఎర్రగుంది."

భూలి ఆ మాటనే అందుకొని రాగం తీసింది, మిగిలిన ఆడోళ్ళు ఆమె ఎనక అందుకున్నరు.